గౌతమి ఎక్కడ ఉప్పగా మారుతుంది

గోదావరి సముద్రంలో ఎక్కడ కలుస్తుందని అడిగితే పటం మీద వేలు పెట్టి చూపించడం తేలికే. దాని పాయల్లో వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర, గౌతమి యానాం దాటాక భైరవపాలెం దగ్గర. నీటిలో మాత్రం అలా వేలు పెట్టి చూపించే చోటు లేదు. ఆగస్టులో ఎర్రనీరు, అంటే వరద నీరు దిగినప్పుడు భైరవపాలెం మొగ (నది సముద్రంలో కలిసే మూతి) దగ్గర పైనీరు దోసిట్లోకి తీసుకుంటే చప్పగా ఉంటుంది. ఏప్రిల్లో యానాం రేవులో అదే దోసెడు నీళ్లు నోట్లో పోసుకోలేం. ఉప్పు మొదలయ్యే గీత ఏడాది పొడుగునా పైకీ కిందికీ కిలోమీటర్ల కొద్దీ జరుగుతూ ఉంటుంది. అది చాలదన్నట్టు రోజుకు రెండుసార్లు పోటుతో పైకెక్కి పాటుతో దిగుతుంది.

ధవళేశ్వరం దిగువన గౌతమి ఒడ్డున ఏ పని చూసినా ఆ గీతతో ముడిపడి ఉంటుంది. ఎప్పుడు వల కట్టాలి, ఎప్పుడు చెరువులోకి నీళ్లు పెట్టాలి, పంటు (బండ్లనూ మనుషులనూ ఏరు దాటించే బల్లకట్టు) ఏ గంటకు ఒడ్డు చేరుతుంది, చేలో నీరు ఎప్పుడు దిగుతుంది, ఉప్పునీటి బురదలో పెరిగే మడ మొక్క ఎక్కడ బతుకుతుంది, అన్నీ ఆ గీతే తేలుస్తుంది. ఈ పోస్టు దాని గురించే.

పోటు లెక్క

నీరు పైకి రావడం పోటు, దిగిపోవడం పాటు. పుస్తకాల్లో ఆటుపోట్లు అంటారు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ ఉదయం వచ్చిన పోటు రేపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాకినాడ దగ్గర అమావాస్యకీ పౌర్ణమికీ నీరు పాటు మట్టం నుంచి ఒకటిన్నర మీటరుకు అటూఇటూగా లేస్తుంది. అష్టమి, నవమి రోజుల్లో అందులో సగం కూడా లేవదు. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ నీరు పది మీటర్ల దాకా లేస్తుంది, దాని ముందు మనది చాలా చిన్న పోటు. అయినా డెల్టా నేల అరచేతిలా చదును, నదికి వాలు బహు తక్కువ. మొగ దగ్గర మీటరు నీరు లేస్తే వేసవిలో ఆ ఒత్తిడి కోటిపల్లి రేవు దాకా తెలుస్తుంది.

పంచాంగం ఉంటే పోటు గంటను ఎవరైనా కట్టుకోవచ్చు. మీ రేవులో అమావాస్య నాడు నీరు నిండుగా నిలిచిన సమయం ఒకసారి చూసి రాసుకోవాలి. అక్కడి నుంచి తిథికి 50 నిమిషాల చొప్పున కలుపుకుంటూ పోవాలి. ఉదాహరణకు ఆ రోజు 9 గంటలకు నిండితే తదియ నాడు 11:30కి, అష్టమి నాడు మధ్యాహ్నం 3:40కి నిండాలి. రెండో పోటు దానికి 12 గంటల 25 నిమిషాలు ముందో తర్వాతో వస్తుంది. పౌర్ణమికి లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఈ లెక్క తప్పేది రెండు చోట్ల. 50 నిమిషాలన్నది సగటు మాత్రమే. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల ఆలస్యం ముప్పావుగంట కూడా ఉండదు, అష్టమి దగ్గర గంట దాటిపోతుంది. కాబట్టి నెలలో ఒక్కసారి చూసి ఊరుకోకుండా అష్టమి నాడు కూడా రేవులో నిలబడి సరిచూసుకోవాలి. రెండోది, అన్నిటికంటే పెద్ద పోటు అమావాస్య నాడే వస్తుందనుకోవడం. సాధారణంగా అది ఒకటి రెండు రోజుల తర్వాత, విదియ ప్రాంతంలో వస్తుంది. గట్టు మీద వేసిన ఎరువు బస్తాలు అమావాస్య దాటిపోయింది కదా అని వదిలేస్తే తడిసేది ఆ రెండు రోజుల్లోనే.

పోటు ఎక్కడం కూడా ఒకే వేగంతో సాగదు. ఆరు గంటల పోటులో మొత్తం పెరిగేది 1.2 మీటర్లు అనుకుంటే, మొదటి గంటలో 10 సెంటీమీటర్లు, రెండో గంటలో 20, మూడు నాలుగు గంటల్లో ముప్పై ముప్పై, ఐదో గంటలో 20, చివరి గంటలో మళ్లీ 10. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. బురదలో పీతలు పట్టేవాళ్లు చిక్కుకుపోయేది ఆ రెండు గంటల్లోనే. మొదటి రెండు గంటల నింపాదితనం చూసి ఇంకా టైముంది అనుకుంటారు, ఈలోగా వెనకనున్న ఉప్పుటేరు నడుము లోతుకొస్తుంది.

మొగ నుంచి పైకి పోయేకొద్దీ ఈ ఆరు, ఆరు గంటల సమానత్వం ఉండదు. లోతు ఎక్కువున్న చోట అల వేగంగా నడుస్తుంది. అందువల్ల పోటు శిఖరం వేగంగా ఎగబాకుతుంది, పాటు అడుగు వెనకబడుతుంది. పైగా నది నీరు ఎప్పుడూ కిందికే తోస్తుంటుంది. పైరేవుల్లో పోటు తక్కువ సేపట్లో ఎక్కేస్తుంది, పాటు ఏడెనిమిది గంటలు దిగుతూనే ఉంటుంది. కాకినాడ పోర్టు పట్టిక చూసి యానాం రేవుకు బయల్దేరేవాళ్లు ఈ తేడాను కలుపుకోవాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. బంగాళాఖాతం నీటిమట్టమే ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో ఎత్తుగా, మార్చి, ఏప్రిల్లో తగ్గి ఉంటుంది. గాలులు, తీరం వెంట నడిచే ప్రవాహాలు, నదులు తెచ్చి పోసిన మంచినీరు, నీటి వేడి అన్నీ కలిసి చేసే పని ఇది. అందుకే కార్తీక పౌర్ణమి పోటు గట్టెక్కిన చోటికి ఫాల్గుణ పౌర్ణమి పోటు రాదు. ఏటిగట్టు ఎత్తు, రేవు మెట్లు, చెరువు తూము మట్టం వేసవిలో కొలిచి కట్టిస్తే కార్తీకంలో మునుగుతాయి. కొలతలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, అమావాస్య దాటిన రెండో రోజు తీసుకోవడం మంచిది. దీనికి తోడు వాయుగుండం పడితే గాలి ఒత్తిడి ఒక మిల్లీబారు తగ్గినప్పుడల్లా సముద్రం సుమారు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. గాలి తోసుకొచ్చే నీరు దీనికి అదనం.

అడుగున పాకే ఉప్పు

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మంచినీటి కంటే అది రెండున్నర శాతం బరువు. అంత తేడా చాలు, పోటుతో వచ్చిన ఉప్పునీరు మంచినీటితో వెంటనే కలవకుండా దాని కిందికి దూరి నాగలి కర్రులా అడుగున పైకి పాకుతుంది. పైన నీరు కిందికి పోతుంటే అడుగున నీరు పైకి పోతుంటుంది. తాడుకు రాయి కట్టి అడుగు దాకా వదిలితే పైతాడు ఒకవైపు, కింది తాడు ఇంకోవైపు లాగడం చేతికి తెలుస్తుంది.

అమావాస్య, పౌర్ణమి పోట్లలో నీటి వేగం ఎక్కువ కాబట్టి పైనీరూ కిందినీరూ బాగా కలిసిపోతాయి. అష్టమి పోట్లలో కలవవు. పోటు చిన్నది కదా, ఉప్పు రాదులే అని అష్టమి నాడు మోటారు వేసేవాళ్లు మోసపోయేది ఇక్కడే. పైన చప్పగా ఉన్న నీరు చూసి పైపు అడుగుకు దించితే ఉప్పునీరు లాగుతుంది. తేలే డ్రమ్ముకు పైపు కట్టి, నీటి పైపొర నుంచి అర మీటరు లోపలే పీల్చేలా పెట్టుకోవాలి.

అడుగు నీటిని పరీక్షకు తీయడం కష్టం కాదు. లీటరు గాజుసీసాకు అడుగున రాయి కట్టి, మూతికి బిరడా బిగించి, బిరడాకు వేరే తాడు కట్టాలి. సీసాను అడుగు దాకా దించాక బిరడా తాడు ఒక్క ఊపు ఊపి లాగితే అక్కడి నీరే నిండుతుంది. నిండాక వేగంగా పైకి తీస్తే పైనీరు పెద్దగా కలవదు. రొయ్యల రైతుల దగ్గరుండే రిఫ్రాక్టోమీటరుతో చూస్తే లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పో అక్కడికక్కడే తెలుస్తుంది. అద్దం మీద చుక్క వేసే ముందు మంచినీటితో సున్నా సరిచేసుకోవాలి. అది చేయకపోతే రెండు మూడు గ్రాముల తేడా వస్తుంది. రొయ్యకు ఆ తేడా ఫరవాలేదు కానీ వరికి అది ప్రాణం మీదికొస్తుంది. మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మట్టి ద్రావణపు విద్యుత్ వాహకత, మీటరుకు 3 డెసీసీమన్లు దాటినప్పటి నుంచి వరి దిగుబడి తగ్గడం మొదలై, 7 దాటేసరికి సగానికి పడిపోతుంది. తాగునీటికి గీత ఇంకా కింద ఉంటుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేని చోట 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. సముద్రపు నీరు ఒక చెంబు పోసినా పదిహేడు చెంబుల మంచినీరు ఆ పై గీతకు చేరిపోతుంది.

ఈ ఉప్పును కిందికి నెట్టేది ధవళేశ్వరం నుంచి వచ్చే నీరొక్కటే. సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ దాని స్థానంలో 1980ల తొలి రోజులకు సిద్ధమైంది. డెల్టాకు అన్నం పెట్టింది అదే. జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా గేట్లు ఎత్తి ఉంటాయి, ఉప్పు గీత మొగ దాటి పోతుంది. శీతాకాలం నుంచి వేసవి చివరి దాకా ఉన్న నీరు కాలువలకే సరిపోదు, గేట్లు దించి ఉంటాయి. అప్పటి నుంచి దిగువ గౌతమి నది కాదు, సముద్రం లోపలికి చాచిన చేయి. ఏటి ఒడ్డు బోర్లు, నూతులు ఉప్పెక్కేది ఆ నెలల్లోనే. ఇసుక నేలల్లో మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంటుంది. బోరు లోతుకు దింపి పెద్ద మోటారుతో గట్టిగా లాగితే కింది ఉప్పు శంకువులా పైకి లేస్తుంది. ఒకసారి లేచిందంటే వానాకాలం వచ్చేదాకా దిగదు. అలాంటి చోట లోతు తక్కువ బోర్లు రెండు మూడు దూరదూరంగా వేసి, చిన్న మోటారుతో కొద్దికొద్దిగా తోడుకోవాలి.

‘సముద్రంలోకి వృథాగా పోతున్న నీరు’ అన్న మాట ప్రతి ఆగస్టులో పేపర్లలో కనిపిస్తుంది. ఆ మాట నాకు నచ్చదు. ఆ నీరు మొగలో ఇసుక మేటలను కోస్తుంది, మడకు ఒండ్రు తెస్తుంది, చేపకు దారి చూపిస్తుంది, కోనసీమ నూతులను కడుగుతుంది. వాటిలో ఏదీ ఇంకో రకంగా చేసుకునే పని కాదు. నీరు నిలవ చేసుకోవద్దని అనడం లేదు, మొగకూ ఒక వాటా ఉందని అంటున్నాను.

వరదా పోటూ కలిసినప్పుడు

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వీటికి సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహం లెక్క. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దిగింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అంత నీరు దిగేటప్పుడు పైపాయల్లో పోటు కనిపించదు. కానీ సముద్రం ఎత్తుగా ఉంటే వరద పోవడానికి వాలు తగ్గుతుంది. అమావాస్య ముందు రోజుల్లో రెండో హెచ్చరిక వస్తే లంక గ్రామాల్లో నీరు వచ్చిన వేగానికి కాక, దిగే ఆలస్యానికి సిద్ధపడాలి. పశువుల మేత రెండు రోజులకు సరిపోతుందనుకున్న చోట నాలుగు రోజులకు పెట్టుకోవాలి.

వరద సంగతి అందరూ మాట్లాడతారు, మురుగు కాలువ గురించి ఎవరూ మాట్లాడరు. డెల్టా వరికి అసలు గండం అక్కడుంది. తుల్యభాగ, కౌశిక లాంటి పాత పాయలు ఇప్పుడు చేల మురుగును సముద్రానికి మోసే డ్రెయిన్లు. అవి పోటు వచ్చినప్పుడు పారవు, పాటు దిగినప్పుడే పారతాయి. అంటే రోజులో సగం సేపే పని. డ్రెయిను చివర లాకు తలుపు పైన బందులతో వేలాడుతూ ఉంటుంది. లోపల నీరు ఎత్తుగా ఉంటే తోసుకుని తెరుచుకుంటుంది, బయట పోటు లేస్తే దానంతటదే మూసుకుంటుంది. మనిషి అక్కర్లేని ఏర్పాటు. చెడిపోయేది మూడు కారణాల వల్ల. గుర్రపుడెక్క అంచులో ఇరుక్కుని తలుపు అర అడుగు తెరిచే ఉండిపోతుంది, ఆ సందులోంచి రోజుకు రెండుసార్లు ఉప్పునీరు చేలకు ఎక్కుతుంది. ఉప్పుగాలికి బందు తుప్పుపట్టి బిగిస్తే తలుపు తెరుచుకోక చేను మునుగుతుంది. మూడోది, తలుపు బయటివైపు ఒండ్రు చేరి గడప కంటే ఎత్తవుతుంది. కాబట్టి వానలకు ముందు పాటు సమయంలో బయట ఒండ్రు తీయించి, బందులకు గ్రీజు పెట్టి, తలుపు ఆనే అంచు మీద గుల్లలు గీకించాలి. అది చేయని ఏడాది నారు కుళ్లుతుంది.

కూనవరం దగ్గర మొగ పూడిపోవడం కోనసీమ రైతుల పాత బాధ. తీరం వెంట అలలు మోసుకొచ్చే ఇసుక, నది తోపు తగ్గిన ప్రతిచోటా మొగను మూసేస్తుంది. పొక్లెయినుతో తవ్వితే వారాల్లో మళ్లీ మూసుకుంటుంది. డ్రెయిన్లో నీరు నిండి ఉన్నప్పుడు, పెద్ద పాటు మొదలయ్యే గంటకు సన్నగా గండి కొడితే నీటి తోపే దాన్ని వెడల్పు చేస్తుంది. ఎండిన మొగను ఎంత వెడల్పు తవ్వినా నిలవదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా వాళ్ల గోడులో ఉంది.

మడ

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. కోరంగి, గాడేరు పాయలు గౌతమి నీటిని ఇందులోంచి కాకినాడ అఖాతానికి మోస్తాయి. అఖాతాన్ని సముద్రం వైపు నుంచి హోప్ ఐలాండ్ కాస్తుంది. నది తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోస్తూ రెండు శతాబ్దాల్లో పేర్చిన సన్నని ఇసుక నాలుక అది, పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దాని చాటున నీరు నిలకడగా ఉండబట్టే బురద కూర్చుంటుంది, బురద కూర్చోబట్టే మడ మొలుస్తుంది. ఇసుక అక్కడ ఆగడం వల్లా, నది తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక నిలిచిపోవడం వల్లా ఉత్తరాన ఉప్పాడ తీరం కోసుకుపోతోంది.

మడ చెట్లన్నీ ఒకటి కావు. తెల్లమడ ఆకు నాలుకకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, లోపలికి వచ్చిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. దాని చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేచినవి శ్వాసవేళ్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వాటితో ఊపిరి తీస్తుంది. రోడ్డుకో చెరువు గట్టుకో తీసిన మట్టి ఆ వేళ్ల మీద జానెడు పోస్తే చాలు, గొడ్డలి వేయకుండానే చెట్టు చచ్చిపోతుంది. పొన్న గొడుగు ఊచల్లాంటి ఊతవేళ్లతో ఉప్పుటేరు అంచున నిలబడుతుంది. తిల్ల చెట్టు కొమ్మ విరవకూడదు, దాని పాలు కంట్లో పడితే కొంతకాలం చూపు పోతుంది. ఈ వేళ్ల మధ్యనే బావురుపిల్లి, నీటికుక్క, రొయ్యపిల్ల, పండుగప్ప పిల్ల పెరుగుతాయి.

మడ నాటే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం దండగవుతున్నది ఒకే తప్పు వల్ల. నేల చూడకుండా మొక్క నాటుతారు. పూర్వం కట్టెల కోసం మొత్తంగా నరికిన చోట ఎండ నేరుగా పడి నేల ఎండి కుంగింది, పళ్లెంలా తయారైంది. పెద్ద పోటుకు నీరు ఎక్కుతుంది, తిరిగి దిగదు. ఎండకు ఆవిరై ఉప్పు సముద్రం కంటే గాఢమవుతుంది. అక్కడ ఎన్ని మొక్కలు పెట్టినా మాడిపోతాయి. పోటూ పాటూ ఆడే దారి ఇస్తే తప్ప అక్కడ ఏదీ మొలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి ఇక్కడ చేసిన పని అదే. ఉప్పుటేరు నుంచి 45 డిగ్రీల వాటంలో పెద్ద కాలువ తీసి, దానికి రెండువైపులా 30 డిగ్రీల వాటంలో పిల్లకాలువలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. కాలువలు పైన వెడల్పు, అడుగున ఇరుకు. నిలువు గోడలు తీస్తే మొదటి పెద్ద పాటుకే ఒడ్డు కూలుతుంది. కాలువలు అలా కోణంలో తీయడం ఎందుకంటే, నీరు ఎదురు కొట్టుకోకుండా జారి వెళ్లి, పాటుకు ఒండ్రును కొంతైనా వెంట తీసుకుపోతుంది.

మొక్కను కాలువ వాలు మధ్యలో పెట్టాలి. అడుగున పెడితే మునిగి కుళ్లుతుంది, గట్టు మీద పెడితే ఉప్పుకు ఎండుతుంది. వానల చివర రాలిన తెల్లమడ కాయలను ఏరి, పీతలు కొరికినవి పారేసి, పైపొట్టు ఊడేదాకా నానబెట్టి ఒండ్రు నింపిన సంచుల్లో పెడతారు. నారుమడి రోజూ పోటుకు తడిసే చోటే ఉండాలి, మంచినీటి మడిలో పెంచిన మొక్క ఉప్పుటేటికి తేగానే ఆకు రాలుస్తుంది. తర్వాత రెండు మూడేళ్ల పాటు కాలువ మూతి పూడిక తీయడమే అసలు ఖర్చు. ఫొటోలు నాటిన రోజువి ఉంటాయి, పూడిక తీసిన రోజువి ఉండవు. నిధులు అడిగేటప్పుడు ఆ పూడిక ఖర్చు కూడా రాయాలి.

వల, పీత, పులస

ఉప్పుటేళ్లలో కట్టువల వేసే తీరు పూర్తిగా పోటు లెక్కే. పాటు అడుగంటినప్పుడు ఏరు మూతికి అడ్డంగా బురదలో కర్రలు పాతి, వల అడుగు తాడును ఒక జానెడు బురదలో పూడుస్తారు. పై అంచు దించి ఉంచుతారు, పోటుతో చేపలు మడలోకి మేతకు పోతాయి. నీరు నిండి నిలకడ పట్టిన పదిహేను ఇరవై నిమిషాల్లో పై అంచు ఎత్తి కర్రలకు కట్టేయాలి. ఆలస్యమైతే పాటు మొదలై వల మీద తోపు పడుతుంది, కట్టడం కుదరదు. అడుగు తాడు సరిగ్గా పూడకపోతే పండుగప్ప బురద తవ్వుకుని దాటిపోతుంది. సన్నకన్ను వల వాడితే ఆ రోజు బుట్ట నిండుతుంది కానీ వచ్చే ఏటి రొయ్య మొత్తం అందులోనే ఎండిపోతుంది. దోమతెర గుడ్డను వలగా కట్టడం నేరం అనే అంటాను.

మండపీత కొనేటప్పుడు బరువు చూడకండి, కింది డొప్ప నొక్కి చూడండి. వెనక కాలు మొదట్లో వేలితో నొక్కితే లోపలికి పోతే అది కొత్తగా డొప్ప మార్చిన నీటిపీత, లోపల కండ ఉండదు. పెంపకందార్లు అలాంటివాటినే తక్కువకు కొని మూడు నాలుగు వారాలు చేపముక్కలు మేపి కండ పట్టాక అమ్ముతారు. పొట్ట కింద గుడ్ల గుత్తి ఉన్న ఆడపీతను వదిలేయాలి.

పులస మీద మనకున్న మోజు చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస, గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వచ్చాక పులస. మేత తగ్గించి ఎదురీదుతూ, మంచినీటిలో ఒంటి ఉప్పు సర్దుకుంటూ రావడం వల్ల దాని రుచి మారుతుంది. బ్యారేజీ దగ్గర దాని ప్రయాణం ఆగిపోతుంది. ఎర్రనీరు రాకుండా బజారులో పులస అన్నారంటే అది ఐసు పెట్టెలో వేరే చోటు నుంచి వచ్చిన ఇలస. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో వరద దిగిన తర్వాతే అడగండి.

రొయ్యల చెరువులకు నీళ్లు పెట్టేవాళ్లకు ఒక్క మాట. పోటు మొదటి గంటలో ఉప్పుటేటి నీరు పెట్టకూడదు. అంతకు ముందు పాటులో ఇతర చెరువులు వదిలిన మురుగునీరే మళ్లీ వెనక్కి వస్తుంది, జబ్బులు అలాగే అంటుకుంటాయి. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగరు రొయ్యను తుడిచిపెట్టినప్పుడు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు జబ్బు పాకిన దారుల్లో ఈ నీరొకటి. పోటు మూడొంతులు నిండాక వచ్చే నీరు బయటి నీరు. దాన్ని సన్నని వలసంచి గుండా వడకట్టి, ముందు నిలవ చెరువులో తేర్చి శుద్ధి చేశాకే పెంపకం చెరువుకు పెట్టాలి.

రేవులు

యానాం దగ్గర ఎదుర్లంక వంతెన 2002లో వచ్చాక అక్కడ పంటు అవసరం తీరింది. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుల్లో పంటే దారి. రేవు వాలు మీద పంటు ఆనే చోటు నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. పాటు అడుగున బండి ఎక్కించేటప్పుడు తడి బురద వాలు మీద వెనక చక్రం జారుతుంది, బరువు లారీ పంటును ఒకవైపు వంచుతుంది. బరువు బండి ఉంటే పోటు నిండే గంటకు రేవుకు చేరుకునేలా బయల్దేరడం మంచిది. వేసవిలో నడి ఏటి ఇసుక తిప్పలు పైకి తేలతాయి, పంటు చుట్టూ తిరిగిపోతుంది, ప్రయాణం సమయం పెరుగుతుంది.

తాళ్లరేవు వైపు చెక్క పడవలు కట్టే పని ఈనాటిది కాదు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టి, బాగుచేసి పంపిన రేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా పోయిన తెలుగువాళ్లందరినీ అక్కడ కోరంగీలు అనే పిలిచారు. 1789 డిసెంబరులో వరసగా మూడు పెద్ద అలలు వచ్చి ఊరిని ముంచేశాయి. 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన అల ఎత్తు 40 అడుగులని రాశారు. ఆ దెబ్బ నుంచి కోరంగి రేవు మళ్లీ కోలుకోలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కూడా ఈ తీరం మీదే విరుచుకుపడింది, వెయ్యి మందికి పైగా పోయారు. మడ ఒత్తుగా ఉన్న చోట అల తోపు తగ్గింది, ఆ ఊళ్లవాళ్లు ఇప్పుడు మడను నరకనివ్వరు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు గాలి వేగంతో పాటు చూసుకోవాల్సింది అది తీరం దాటే గంటకు పోటా పాటా అని. ఆ గంటలో పాటు నడుస్తుంటే ఉప్పెన మీటరు తగ్గవచ్చు. కానీ తుఫాను దాటే గంట ఎప్పుడూ మారుతుంటుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని ఇంట్లో ఉండిపోకూడదు.

కోరంగి చూడడానికి వచ్చేవాళ్లకు మడలో వేసిన చెక్కదారి దగ్గర పాటు అడుగున శ్వాసవేళ్లు, పీతలు, బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. పడవ షికారుకు మాత్రం పోటు కావాలి. పాటులో ఉప్పుటేళ్లలో పడవ అడుగు తగులుతుంది. కాబట్టి పాటు అడుగున చెక్కదారి నడిచి, నీరు ఎక్కడం మొదలైన రెండు గంటలకు పడవెక్కితే రెండూ దక్కుతాయి.

సప్తసాగర యాత్ర చేసేవాళ్లు పుష్య అమావాస్య నాడు చొల్లంగిలో స్నానంతో మొదలుపెట్టి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నీ తిరిగి, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరతారు. తిథుల్లోనే పోటు లెక్క ఉంది. చొల్లంగి స్నానం పెద్ద పోట్ల రోజున పడుతుంది, నీరు వేగంగా ఎక్కి వేగంగా దిగుతుంది. ఏకాదశికి అష్టమి నీరసం తీరి పోట్లు మళ్లీ బలం పుంజుకుంటుంటాయి. రెండు చోట్లా స్నానానికి నిండు పోటుకు ముందు గంట మంచిది, నీరు ఒడ్డు వైపు తోస్తుంటుంది. నిండు దాటి పాటు అందుకున్నాక మొగ దగ్గర నడుము లోతుకు మించి దిగవద్దు. నది తోపూ పాటు తోపూ ఒకే దిక్కున, సముద్రంలోకి లాగుతాయి, వాటికి అడ్డంగా ఒడ్డు వెంబడి ఈదాలి కానీ ఎదురీదకూడదు.